ముప్పై ఒకటో నంబరు బూజు

మే 4

అక్కకు,

క్షేమంగా చేరాను. ఇల్లు బాగుంది. రెండు గదులు, వంటగది, వెనక నాలుగడుగుల వరండా. కిటికీ తీస్తే ఆయన పనిచేసే మొక్కజొన్న పరిశోధన కేంద్రం గోడ కనిపిస్తుంది. నీళ్ళకు ఇబ్బంది లేదు.

వచ్చిన రెండో రోజే ఒక పెద్ద తప్పు చేశాను. తిట్టకుండా చదువు.

బట్టలు సర్దుకుందామని పడగ్గదిలో అల్మారా తెరిచాను. బట్టలకు చోటే లేదు. అరల నిండా అరచేతిలో పట్టేంత గాజు పళ్ళేలు, ఒక్కోదానికీ ఒక మూత. లెక్కపెడితే ముప్పై నాలుగు. అన్నింట్లోనూ బూజు. కొన్నింట్లో తెల్లగా, కొన్నింట్లో బూడిద రంగుగా, ఒకదాన్లో కాటుక పూసిన దూదిలా. పాపం ఒంటరి మగవాడు, తిన్న పళ్ళేలు కడగడానికి బద్ధకించి అల్మారాలో దాచుకున్నాడు అనుకున్నాను. కొత్త పెళ్ళాం వచ్చి కూడా ఇల్లు ఇలా ఉంటే ఎవరికి మాట? నాలుగు పళ్ళేలు తళతళలాడేలా తోమేశాను. అయిదోది చేతిలో ఉండగా ఆయన వచ్చారు.

తిట్టలేదక్కా. అదే భయం వేసింది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూలబడ్డారు. అక్కణ్ణుంచే మాట్లాడారు. నాతో కాదు, నా చేతిలో ఉన్న పళ్ళెంతో. "నిన్ను కొండ అవతలి పొలం నుంచి జేబులో పెట్టుకుని తెచ్చాను కదా," అన్నారు.

ఆ బూజే ఆయన ఉద్యోగమట. ఇప్పుడు ముప్పై మిగిలాయి. నేను వంటగదిలో కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆయన పడగ్గదిలో మిగిలినవాటిని పరామర్శిస్తున్నారు.

ఏం మాట్లాడాలో తెలియని,
నీ చెల్లి


మే 12

ఓసి పిల్లీ,

నీ ఉత్తరం చదివి మీ బావ నవ్విన నవ్వుకు పాలిచ్చే గేదె బెదిరి తాడు తెంచుకుంది. అత్తగారు లేని ఇల్లు కదా, హాయిగా ఉంటావనుకున్నాను. ముప్పై మంది అత్తగార్లను అల్మారాలో పెట్టుకున్నాడన్నమాట.

మరిది పళ్ళేలతో మాట్లాడతాడని దిగులుపడకు. కొత్తలో మగాళ్ళందరూ అంతే. మీ బావ పెళ్ళయిన నెలదాకా ఎద్దుతోనే మాట్లాడాడు. "ఏరా, నీళ్ళు తోడారా?" అని ఎద్దును అడిగేవాడు. "తోడారని చెప్పు," అని నేనూ ఎద్దుకే చెప్పేదాన్ని. అలా అలా కాపురం కుదిరింది. నువ్వూ పళ్ళేలతోనే మొదలుపెట్టు.

ఇక ఇక్కడి సంగతి నవ్వేలా లేదు. కౌలు పొలంలో రెండేళ్ళుగా మొక్కజొన్న చేతికి రావడం లేదు. కంకి పాలు పోసుకునే వేళకు ఆకుల మీద పడవల్లాగా పొడుగాటి మచ్చలు లేస్తాయి, పది రోజుల్లో చేనంతా నిప్పు పెట్టినట్టు మాడిపోతుంది. పొలం ఆసామి మొన్న గట్టు మీద నిలబడి, "మూడోసారీ ఇదే వరస అయితే ఇటుకబట్టీ వాడికి ఇచ్చేస్తాను. వాడైతే మట్టినే అమ్ముకుంటాడు, తెగులు గోల లేదు," అన్నాడు. ఆ పొలం పోతే మాకు నిలబడటానికి జానెడు నేల లేదు, నీకు తెలుసు.

మీ ఆఫీసు పెద్దసారు ఆకుమాడు తెగులు అంటని కొత్త విత్తనం తయారుచేశారని రేడియోలో చెప్పారట. ఇంట్లో మనిషిని పెట్టుకుని బయట దేవులాడటం ఎందుకని మీ బావ అంటున్నాడు. విత్తనం సంగతి కనుక్కో. మచ్చలున్న ఆకు ఒకటి ఇందులో పెడుతున్నాను, మరిదికి చూపించు.

నోరు ఇంట్లోనైనా పెట్టుకుని తిరగమ్మా.
అక్క


జూన్ 9

అక్కకు, బావగారికి, బెదిరిన గేదెకు,

నువ్వు పంపిన ఆకు ఉత్తరం మడతలో నలిగి సగం పొడైంది. ఆయన ఆ పొడిని కూడా వదలకుండా కాగితం దులిపి తీసుకున్నారు. దీపం దగ్గర పట్టి చూసి, నా వైపు తిరిగి, "మీ అక్కగారు చాలా మంచి తెగులు పంపారు," అన్నారు. పెళ్ళయ్యాక నాతో నేరుగా అన్న మొదటి పూర్తి మాట ఇది.

ఇప్పుడు నాకు కొంచెం అర్థమైంది, నీకూ రాస్తాను. ఆకును మాడ్చే బూజు ఒక్కటే. కానీ ఒక్క తల్లి పిల్లలు ఒక్కలా ఉండనట్టు, ఒక్కో పొలంలో దానికి ఒక్కో గుణం. ఒకటి నాలుగు రోజుల్లో పళ్ళెమంతా పాకుతుంది. ఒకటి పక్షం రోజులైనా మూలనే ముడుచుకుని ఉంటుంది, నాలాగ. చూడటానికి మెత్తగా ఉన్నది ఆకు మీద పడితే రాక్షసి. నల్లగా భయపెట్టేదాని చేత ఒక్క మచ్చా పడదు. ముప్పై పొలాల నుంచి ఆయన తెచ్చినవి ముప్పై రకాలు. మీ పొలానిది ముప్పై ఒకటో నంబరు.

మరి ఇవి ఆఫీసులో ఉండక మా అల్మారాలో ఎందుకున్నాయంటే, ఆఫీసు చలిపెట్టెలో ఒక్క పళ్ళేనికే చోటు. అది పెద్దసారు బూజు. దాని మూత మీద "ప్రామాణికం" అని రాసి ఉంటుంది. తాళం కూడా. ఇరవై ఏళ్ళుగా దాన్ని ఒక పళ్ళెంలో నుంచి ఇంకో పళ్ళెంలోకి మారుస్తూ, జావలాంటి మేత పెట్టి పోషిస్తున్నారు. ఇరవై ఏళ్ళుగా అది ఆకు రుచే ఎరగదక్కా. పెద్దసారు కొత్త విత్తనాన్ని పరీక్షించింది దానితోనే. మన వీధి చివర పళ్ళూడిన ముసలి కుక్క ముందు ఎముక పడేసి, ఇది ఎవరూ కొరకలేని ఎముక అన్నట్టు.

నాకూ ఒక పని ఇచ్చారు. కుండీల్లో పెద్దసారు విత్తనం మొలిపించి, ఒక్కో కుండీకి ఒక్కో బూజు చల్లి, పన్నెండు రోజులకు ఆకులకు మార్కులు వేయాలి. పచ్చగా ఉంటే ఒకటి, పూర్తిగా మాడితే తొమ్మిది. ఏ కుండీకి ఏది చల్లారో తెలిసినవాళ్ళు వేయకూడదట. అటెండరు బాబాయికి పెద్దసారు కుండీ ఎక్కడుందో తెలుసు, భయంతో కళ్ళు మూసుకుని దానికి ఒకటి వేస్తాడు. "ఏమీ తెలియని మనిషి కావాలి," అని ఆయన పళ్ళేలతో అన్నారు. "నేనున్నానని చెప్పండి," అని నేనూ పళ్ళేలతోనే అన్నాను.

పెద్దసారు బూజు చల్లిన కుండీకి ఒకటి. తక్కినవాటికి మూడు, ఐదు, ఏడు, దేని బలం దానిది. నీ ముప్పై ఒకటోదానికి తొమ్మిది. ఆకు అనేదే మిగల్లేదు.

ఇది ఆఫీసు మాట, బయటికి పోకూడదు. అయినా రాస్తున్నాను. ఆ విత్తనం మీ పొలంలో వేయకండక్కా.

నీ పొలానికని తెలియక తొమ్మిది వేసిన,
చెల్లి


జూన్ 17

పిల్లీ,

మా పొలం మాడితే మరిదికి మంచి తెగులు! బాగుంది. అయినవాళ్ళకు ఆకుల్లో, కానివాళ్ళకు కంచాల్లో అని ఊరికే అన్నారా? మాకు ఆకు కూడా లేకుండా చేస్తున్నారు మీరు.

మీ బావ మటుకు పొంగిపోయాడు. టీకొట్టు దగ్గర నలుగురినీ పోగేసి, "మా పొలం తెగులుకు పరిశోధన కేంద్రంలో తొమ్మిదికి తొమ్మిది. తక్కిన పొలాలవి ఏడు దాటలేదు," అని చెప్పుకున్నాడు. పక్క పొలం వాడు అలిగి, తనది కూడా పరీక్ష చేయించాలంటున్నాడు. తొమ్మిది అంటే మంచిది కాదని నేను చెప్పబోతే, "మార్కులు ఎక్కువొస్తే మంచిది కాక చెడ్డదా?" అని నామీదే లేచాడు.

నీ మాట వినే స్థితి దాటిపోయింది. నీ ఉత్తరం అందకముందే మీ బావ నేరుగా పెద్దసారుకే ఉత్తరం రాశాడు, మీ కేంద్రం పరిశోధకుడి తోడల్లుడినని. జవాబు వచ్చింది, గుండ్రటి ముద్రతో. మా పొలాన్ని కొత్త విత్తనం చూపించే పొలంగా ఎంపిక చేశారు. పన్నెండు బస్తాలు పంపుతున్నారు. ఆసామి ఆ ముద్ర చూసి, "సరే, ఈ ఒక్క పంట చూస్తా," అన్నాడు. మా ప్రాణాలు ఇప్పుడు ఆ ముద్ర మీద ఉన్నాయి.

నువ్వు చదివింది ఐదో తరగతి. పెద్దసారు ఇరవై ఏళ్ళుగా అదే పని చేస్తున్నాడు. నిజంగా చెప్పదలుచుకుంటే నీ మొగుణ్ణి చెప్పమను, కాగితం మీద, ముద్రతో. లేదా అక్క చేను పచ్చగా ఉంటే చూడలేననైనా చెప్పు. నీకు మొదటి నుంచీ నా గాజుల మీద కూడా కన్నే.

అక్క


జూన్ 27

అక్కకు,

గాజుల మాట చదివి మూడు రోజులు అన్నం సయించలేదు. ఆ గాజులు నాకు పెద్దవైతే నువ్వే విప్పించుకున్నావు. సరే, వదిలేయ్.

నాలుగో రోజు ఆయనతో మాట్లాడాను. ముందు రెండు రోజులు అల్మారా ముందు నిలబడి ఏడో నంబరు ముందు సాధన చేశాను. అది కాస్త నెమ్మదైనది.

"మా అక్కావాళ్ళ పొలంలో ఆ విత్తనం వేస్తున్నారు," అన్నాను.

ఆయన చేతిలోని చీటీలు కింద పడ్డాయి. "ఎవరు చెప్పారు?"

"ముద్ర వేసిన ఉత్తరం వచ్చింది. మీరు పెద్దసారుకు చెప్పరా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

పెట్టె తెరిచి ఒక కాగితం తీసి ఇచ్చారు. ముప్పై ఒక్క రకాల మార్కులతో ఆయన రాసిచ్చిన నివేదిక. దాని మీద పెద్దసారు ఎర్ర సిరాతో రాశారు: "ఒకే శిలీంధ్రం ఇన్ని రకాలుగా ప్రవర్తించడం క్రమశిక్షణ లోపం. పరిశోధకుడు వాటిని అదుపులో పెట్టి, అన్నీ ఒకే మార్కు తెచ్చుకునేలా చూసి, తిరిగి సమర్పించాలి."

"ఇది బూజుకు రాశారా, మీకా?" అని అడిగాను.

"నాకూ అదే తెలియలేదు," అన్నారు. ఇద్దరం నవ్వాం. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆయన ఉద్యోగం ఏడాదికేడాది పెద్దసారు సంతకంతో సాగేది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

జులై పదిన పెద్దసారు బూజుకు ఇరవై ఏళ్ళు నిండిన వేడుక చేస్తున్నారు. పందిరి వేస్తారు, పూలదండలు ఉంటాయి. అందరి ముందూ రెండు వందల కుండీల కొత్త విత్తనం మీద ప్రామాణికం చల్లి, ఏమీ కాదని చూపిస్తారు. విత్తనం తీసుకున్న రైతుల్ని పిలిచారు. బావగారికీ పిలుపు వస్తుంది.

నేను చెప్పేది నమ్మకపోయినా, విత్తే ముందు ఒక్కసారి ఆలోచించు.

చెల్లి


జులై 3

పిల్లీ,

పిలుపు వచ్చింది. మీ బావ కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. తొమ్మిది మార్కుల రైతునని అక్కడ పరిచయం చేసుకుంటాడట. ఆపడం నా వల్ల కాలేదు.

పన్నెండు బస్తాలూ ముందు గదిలో ఉన్నాయి, నడవడానికి దారి లేదు. ఇరవై అయిదుకు వాన పడుతుందంటున్నారు. పడగానే విత్తడమే.

ఎర్ర సిరా సంగతి చదివాక నాకూ కొంచెం గుబులుగానే ఉంది. కానీ గుబులు చూపించి ఆసామిని ఒప్పించగలనా? మీ బావకు చదివి వినిపిస్తే, "పెద్దవాళ్ళు పెద్దవాళ్ళని తిట్టుకుంటారు, మనకెందుకు," అన్నాడు. అక్కడికి వచ్చినప్పుడు మీ బావతో నువ్వే చెప్పు. గాజుల మాట కోపంలో రాశాను.

అక్క


జులై 12

అక్కకు,

ఈ ఉత్తరం చదివాక పొయ్యిలో పెట్టు.

వేడుకకు ముందు రోజు చలిపెట్టెకు రంగు వేశారు. అందుకని పెద్దసారు పళ్ళెం ఒక్కపూట మా ఇంట్లో ఉంచారు. అతిథులు చూస్తారు కాబట్టి మూతలన్నీ మెరిసేలా తుడిచి, వాటి మీద చీటీలు కొత్తగా అతికించమన్నారు. ఎప్పుడూ చీటీ పళ్ళెం అడుగున అతికించాలి, మూతలు మారిపోవచ్చు అని ఆయన అంటారు. కానీ వంగి అడుగు చూడటం పెద్దసారుకు నడుము నొప్పి, అందుకని మూత మీదే అతికించాలని ఆఫీసు రూలు.

ఆయన కుండీల దగ్గర ఉన్నారు. నేను ఒక్కో మూతే తీసి తుడుస్తూ వచ్చాను. చివరికి పెద్దసారుదీ, నీదీ మిగిలాయి. ఆ రెండు మూతలూ చేతిలో ఉండగా అటెండరు బాబాయి తలుపు కొట్టాడు. "అమ్మాయ్, సారు పళ్ళెం! త్వరగా!" ఒంటరిగా ఉన్నాను, తలకు నూనె రాసుకుని అవతారంలా ఉన్నాను. గబగబా రెండు మూతలూ పెట్టేసి, తలుపు సందులోంచి చేయి మాత్రం చాపి, మొహం అటు తిప్పుకుని, "ప్రామాణికం" మూత ఉన్న పళ్ళెం ఇచ్చేశాను.

మర్నాడు పెద్దసారు గంటన్నర మాట్లాడారు. పళ్ళెం మూత మీద చిన్న దండ వేశారు. కానీ మూత తీసి చూడలేదు. పదకొండేళ్ళుగా తీయలేదట, మేత పెట్టడం కూడా అటెండరు బాబాయి పనే, అంత నమ్మకం. బాబాయి ఎప్పటిలాగే భయంతో కళ్ళు మూసుకుని పళ్ళెంలోది నీళ్ళలో కలిపాడు, పెద్దసారు రెండు వందల కుండీల మీద చల్లారు. బావగారు ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. నేను ఆయనతో మాట్లాడాలని రెండుసార్లు దగ్గరకు వెళ్ళాను. రెండుసార్లూ, "ఏమ్మా, బాగున్నావా?" అన్నారు. రెండుసార్లూ తలూపి వచ్చేశాను. నా తల తీసి ఎక్కడ పెట్టుకోను.

ఆ సాయంత్రం ఆయన అల్మారాలో ముప్పై ఒకటో నంబరు మూత తీశారు. లోపల తెల్లగా వాడిపోయి, పేలపిండిలా ఉంది. నీది నల్లగా ఉంటుంది. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. అంటే రెండు వందల కుండీల మీద చల్లింది మీ పొలం బూజు.

"ఊరుకుందాం," అన్నాను. "తొమ్మిది రోజుల్లో మచ్చలు లేస్తాయి. విత్తనం ఆపేస్తారు. అక్క పొలం దక్కుతుంది."

ఆయన ఒప్పుకోలేదు. "పొరపాటున జరిగింది ఒకటి. తెలిసీ దాస్తే, నేను వేయించిన మార్కులన్నీ అబద్ధమే అంటారు. అప్పుడు మీ అక్కగారి తొమ్మిది కూడా అబద్ధమే అవుతుంది." అని ఉత్తరం రాసి పట్టుకెళ్ళారు. పెద్దసారు సన్మానాలకని పది రోజులు సెలవు పెట్టారు. ఉత్తరం ఆయన బల్ల మీద పూలదండల కింద ఉంది.

అది చదివితే అసలు పళ్ళెంతో వేడుక మళ్ళీ చేసి, బస్తాలు పంచేస్తారేమోనని నా భయం. అక్కా, ఇరవై రెండు దాకా మాత్రం విత్తకండి. కాళ్ళు పట్టుకుంటాను.

నీ చెల్లి


జులై 20

నా బంగారు పిల్లీ,

ఉత్తరం పొయ్యిలో పెట్టాను. పెట్టే ముందు మూడుసార్లు చదివాను.

వాన ఇరవై అయిదుకు కాదు, పదిహేనుకే పడింది. నేల పదునెక్కింది. మీ బావ వేడుక నుంచి మెడలో దండతోనే దిగాడు. వాన పడ్డ మర్నాడు తెల్లారేసరికి బస్తా విప్పబోతున్నాడు. నాకు ఇంకేం తోచలేదు. "అమ్మో నడుము!" అని అరిచి పన్నెండు బస్తాల మీద వాలిపోయాను.

అప్పటి నుంచీ వాటి మీదే ఉన్నాను. కదిలిస్తే కేకలు పెడుతున్నాను. పక్క అక్కడే, అన్నం అక్కడే. వైద్యుడు వచ్చి చూసి, "గట్టి చోట పడుకోవడం మంచిదే," అన్నాడు, నా అదృష్టం. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పరామర్శకు వచ్చి బస్తాల మీదే చేరి కబుర్లు చెబుతున్నారు. నిన్న ఏడుగురం ఉన్నాం. మీ బావ గుమ్మంలో నిలబడి, "కాస్త ఆ చివరకు జరుగు, ఒక్క బస్తా లాక్కుంటా," అన్నాడు. "నా ప్రాణం లాక్కో," అన్నాను.

ఆసామి రోజుకోసారి వచ్చి తొంగిచూస్తున్నాడు. "మీ ఆవిడ లేచేదెప్పుడు, మీరు విత్తేదెప్పుడు? నేల ఆరిపోతోంది. ఇటుకబట్టీ వాడు కొలతలకు వస్తానంటున్నాడు," అని నిన్న గట్టిగానే అన్నాడు. మీ బావ మొహం చూడలేకపోయాను పిల్లీ. మోసం చేస్తున్నానేమోనని ఉంది. నువ్వు పొరబడితే మా కొంప నా నడుమే ముంచినట్టు.

నీ మాట మీద పడుకున్నాను. ఎక్కువ రోజులు పడుకోలేను. ఏదో ఒకటి త్వరగా రాయి.

బస్తాల మీది నుంచి,
అక్క


జులై 22

అక్కకు,

మచ్చలు పందొమ్మిదిన లేచాయి. నిన్నటికి రెండు వందల కుండీల్లో పచ్చ అన్నది లేదు. పెద్దసారు సెలవు రద్దు చేసుకుని వచ్చారు. పన్నెండు మందితో కమిటీ వేశారు. మార్కులు చదవడానికి నన్ను పిలిచారు.

పొడవాటి గది, పొడవాటి బల్ల. నన్ను చివర స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆయన గోడ దగ్గర నిలబడ్డారు. నేను తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది అని చదువుతూ పోయాను. నలభైకి చేరేసరికి, "చాలమ్మా, అర్థమైంది," అన్నారు.

పెద్దసారు దిగులుపడతారనుకున్నాను. ఆయన కళ్ళల్లో నీళ్ళు, ఆనందంతో. "చూశారా! ఇరవై ఏళ్ళ పెంపకం! సన్మానం చేసేసరికి ఎంత ఉత్సాహం తెచ్చుకుందో!" అన్నారు.

"మరి విత్తనం మాడిపోయింది కదా?" అని కమిటీలో ఒకాయన అడిగారు.

"అది కుండీల దోషం. పొలాల్లో కుండీలుండవు. కాబట్టి విత్తనం పంపిణీ ఆపనక్కర్లేదు."

అందరూ అది రాసుకున్నారక్కా. ఒకాయనైతే, "కుండీలుండవు," అని కింద గీత కూడా గీశాడు.

ఆయన గోడ దగ్గర నుంచి, "సార్, నా ఉత్తరం..." అన్నారు. "నువ్వాగవయ్యా," అన్నారు పెద్దసారు. ఆయన మళ్ళీ, "సార్..." అన్నారు. మళ్ళీ ఆగమన్నారు. సంతకాల కాగితం బల్ల మీద ఒకరి దగ్గర నుంచి ఒకరికి జరుగుతోంది. అది ఏడో మనిషి దగ్గరికి వచ్చేసరికి నేను లేచి నిలబడ్డాను. ఎలా లేచానో నాకు తెలియదు. స్టూలు వెనక్కి పడి పెద్ద చప్పుడైంది, ఇక కూర్చోవడానికి కూడా లేదు.

"ఆ బూజు మీది కాదండీ," అన్నాను. "మూతలు నేను మార్చేశాను. పొరపాటున. అది మా అక్కావాళ్ళ పొలంలోది. మీది మా ఇంట్లో అల్మారాలో ఉంది, తెల్లగా, పాపం, ఏమీ చేయలేదు. అక్క పొలంలో ఉండేది కుండీల్లో మీరు చూసినదే. ఆ విత్తనం అక్కడ వేస్తే ఇలాగే మాడిపోతుంది. వాళ్ళకు ఇంకో పొలం లేదు."

సంతకాల కాగితం అక్కడే ఆగింది. పెద్దసారు మొహం మొదట ఎర్రబడింది, తర్వాత మెల్లగా విప్పారింది. "అయితే నా బూజు ఏ పాపం ఎరగదు!" అన్నారు. "నా విత్తనం నా బూజుకు తట్టుకుంటుంది, అంతే నేను చెప్పింది. ఎవరి పొలంలో ఏ అల్లరి బూజు ఉందో నాకేం పూచీ?"

కమిటీలో ఉన్న ఒక్క ఆవిడ కళ్ళజోడు తీసి, "రైతుల పొలాల్లో మీ బూజు లేదు కదండీ?" అని అడిగింది.

"లేకపోతే పంపిస్తాం!"

చివరికి అదే తీర్మానం. విత్తనం తీసుకున్న ప్రతి రైతుకూ ఒక సీసా ప్రామాణిక బూజు ఉచితంగా పంపాలి. వేయాలా వద్దా అన్నది రైతు ఇష్టం. మా ఆయన ఉద్యోగం తీయలేదు కానీ శిక్ష వేశారు. ముప్పై ఒకటో నంబరు ఎక్కడ క్రమశిక్షణ తప్పిందో కనుక్కోవడానికి ఏడాదిపాటు మీ ప్రాంతంలోనే ఉండాలి. అల్మారాతో సహా.

బయటికి వచ్చాక ఆయన నా చెయ్యి పట్టుకున్నారు, పట్టపగలు, ఆఫీసు ఆవరణలో.

విత్తనం మాట ఇక బావగారి ఇష్టమని కమిటీ అంది. నాకు తెలిసింది నేను చెప్పాను. ఆయన ఒక చీటీ రాసిచ్చారు, ఇందులో పెడుతున్నాను. పాత దంటు కనిపించకుండా లోతుగా దున్ని, ఈ ఒక్కసారి చిక్కుడు వేయమంటున్నారు. ఆ బూజు చిక్కుడును ముట్టదట. బూజుకు ఒక పంటకాలం పస్తు.

నీ చెల్లి


ఆగస్టు 6

నా తల్లీ,

నీ ఉత్తరం బస్తాల మీద కూర్చునే మీ బావకు చదివి వినిపించాను. కమిటీ దాకా గోడకు జారబడి, గడ్డం గోక్కుంటూ విన్నాడు. నువ్వు లేచి నిలబడిన చోట చెయ్యి ఆగింది.

"మళ్ళీ చదువు."

చదివాను.

"పన్నెండు మంది ముందా?"

"పన్నెండు మంది ముందే."

"ఏడ్చిందా?"

"ఏడ్చినట్టు రాయలేదు."

గోడ వదిలి నిటారుగా కూర్చున్నాడు. తర్వాత, "మన పెళ్ళిలో దాహమేస్తే మంచినీళ్ళు అడగలేక సొమ్మసిల్లిన పిల్లే అది. అలాంటిది స్టూలు పడేసి మరీ మాట్లాడిందంటే, ఆ విత్తనంలో ఎంత మాడు ఉందో!" అన్నాడు. పెద్దసారు ముద్ర నమ్మలేదు, కమిటీ తీర్మానం నమ్మలేదు, తొమ్మిది మార్కుల అర్థం ఇప్పటికీ నమ్మడం లేదు. నువ్వు నోరు విప్పావన్నది నమ్మాడు. "లే," అన్నాడు నాతో. "అప్పుడే తెలుసు నీ నడుముకేం కాలేదని. నడుము నొప్పి మనిషి ఏడుగురిని పోగేసి అంత నవ్వదు." తెలిసి కూడా బస్తా లాక్కోలేదు చూడు.

బస్తాలు తిప్పి పంపేశాం. లోతుగా దున్ని చిక్కుడు విత్తాం. సీసా వచ్చింది, మీ బావ దాన్ని పొలంలోకి రానివ్వలేదు. నేను జూన్‌లో రాసిన ఉత్తరం నీ దగ్గర ఉంటే చించేయ్. గాజులు నీకోసం తీసి ఉంచాను. ఇప్పటికీ పెద్దవైతే దారం చుట్టి వేసుకో. మీకు వెనక గది ఖాళీ చేశాను, అల్మారా పట్టేలా తలుపు కూడా తీసేశాం. మరిది ముందుగా నాతో మాట్లాడతాడా, గోడతోనా చూడాలి.

నిన్న ఆసామి వచ్చాడు. ఇటుకబట్టీ వాడు కూడా కొలతల తాడుతో వెంట ఉన్నాడు. చాళ్ళలో రెండేసి ఆకులతో మొలకలు. "మొక్కజొన్న ఏదయ్యా?" అన్నాడు ఆసామి.

"వేయలేదు."

"ఆ ముద్ర కాగితం ఏమైంది?"

"మా మరదలు వద్దంది."

ఆసామి మీ బావను ఎగాదిగా చూశాడు. గట్టు దిగి చాళ్ళ మధ్య ఆ చివరి దాకా నడిచి వచ్చాడు. ఇటుకబట్టీ వాడు తాడు విప్పబోతే, "ఆగవయ్యా, మొలకలు తొక్కేస్తావు," అన్నాడు. పోతూ పోతూ వంగి, పక్కకు ఒరిగిన ఒక మొలక మొదట్లోకి మట్టి ఎగదోసి వెళ్ళాడు.

రండి.
అక్క